"నిర్లక్ష్యమే కారణం" అని పేపరు రాసిన చోట కాగ్నిటివ్ సైన్స్ ఎలా వెతకాలి?

పేపరు_పురుగు
జిల్లా పేజీ ముందేసుకుని ఒక్కో వార్తలో కాగ్నిటివ్ సైన్స్ (మెదడు ఎలా చూస్తుంది, ఆలోచిస్తుంది, గుర్తుంచుకుంటుంది అని వెతికే శాస్త్రం) సూత్రం ఏముందో రాయాలని ఈ వేదికలో చాలామంది మొదలుపెట్టారు. చివరికి తేలుతున్నది పేర్ల జాబితా. మోసం వార్త పక్కన ఒక బయాస్ (ఆలోచన ఒకవైపు ఒరిగిపోయే పొరపాటు), ప్రమాదం వార్త పక్కన ఇంకో బయాస్. పేపరు "నిర్లక్ష్యం" అని రాస్తే మనం దానికి ఇంకో పేరు పెడుతున్నాం, అంతే. ఏ రోజు పేపరు తీసినా కొన్ని వార్తలు తప్పవు: పట్టాలు దాటుతుండగా రైలు ఢీకొని మృతి, బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కడంతో దుకాణంలోకి దూసుకెళ్లిన కారు, డిజిటల్ అరెస్ట్ పేరుతో టోకరా, కడుపులో గుడ్డ మరిచిన వైద్యులు, ఫలానా తిండితో క్యాన్సర్ ముప్పు 18 శాతం. వీటిలో మెదడు ఏ క్షణాన ఏం చేసిందో చెప్పగలవాళ్లు చెప్పండి. పేర్లు వద్దు, పని చూపించండి.

రెటీనా
రైలు వార్త తీసుకుంటాను. దీనికి లెక్క వేయొచ్చు.

రైలు ముందు భాగం వెడల్పు సుమారు 3.2 మీటర్లు. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. రైలు 500 మీటర్ల దూరంలో ఉందంటే చేతిలో 20 సెకన్లున్నాయి. అప్పుడు కంటికి దాని వెడల్పు 0.37 డిగ్రీలు. 250 మీటర్లకు వచ్చేసరికి 0.73. చేయి చాచి చిటికెన వేలు నిలబెట్టండి, ఆ వేలి వెడల్పు దాదాపు 1 డిగ్రీ. అంటే పది సెకన్లలో మీద పడబోయే రైలు ఇంకా చిటికెన వేలి చాటున దాగిపోయేంతే ఉంది. 100 మీటర్ల దగ్గర 1.8 డిగ్రీలు, 50 మీటర్ల దగ్గర 3.7. మొదటి పది సెకన్లలో బొమ్మ పెరిగింది మూడోవంతు డిగ్రీ. 100 నుంచి 50 మీటర్లకు వచ్చే రెండే సెకన్లలో పెరిగింది రెండు డిగ్రీలకు దగ్గర.

ఎదురుగా వచ్చే వస్తువు వేగాన్ని కన్ను ఈ పెరుగుదల బట్టే అంచనా వేస్తుంది. అది చాలాసేపు కదలనట్టు ఉండి, చివర్లో ఒక్కసారిగా ఉబ్బుతుంది. పైగా పెద్ద వస్తువు అదే వేగంతో వెళ్లే చిన్న వస్తువు కంటే మెల్లగా పోతున్నట్టు కనిపిస్తుంది. లెవెల్ క్రాసింగ్ ప్రమాదాలకు ఇదొక కారణమని హెర్షెల్ లీబోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లోనే రాశాడు.

ఇక కాళ్ల లెక్క. రెండు లైన్లు దాటి అవతల భద్రంగా నిలబడాలంటే దాదాపు పది మీటర్లు నడవాలి. కంకర మీద ఎనిమిది సెకన్లు పడుతుంది. రైలు 250 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు బయల్దేరినా చేతిలో మిగిలేది రెండు సెకన్లే. ఆ మనిషి రైలును చూశాడు. చూసే బయల్దేరాడు.

గోదారి_గట్టు
లెక్క బాగుంది. కానీ చెవిలో ఇయర్‌ఫోన్లు, పక్కనే ఫుట్ ఓవర్ బ్రిడ్జి. దీన్ని కంటి మోసం అంటే ఎలా అండీ? నిబంధన తెలిసీ తప్పాడు. నిర్లక్ష్యమనే మాటలో తప్పేముంది?

సిగ్నల్_దీపం
గోదారి_గట్టు గారూ, అక్కడ రెండు వేరు వేరు సంగతులున్నాయి. బ్రిడ్జి ఎక్కకపోవడం తెలిసి చేసిన ఉల్లంఘన. రైలు వేగాన్ని తక్కువ అంచనా వేయడం తెలియకుండా జరిగిన పొరపాటు. మొదటిదానికి జరిమానా, గోడ పనిచేస్తాయి. రెండోదానికి జరిమానా ఏమీ చేయదు, ఎందుకంటే ఆ క్షణంలో తను తప్పు చేస్తున్నట్టు ఆ మనిషికి తెలియదు. పేపరు రెంటినీ ఒకే మాటలో కట్టేస్తుంది.

రెండోదాని మీద పనిచేసిన ఉదాహరణ ముంబైలోని వడాలా స్టేషన్ దగ్గర ఉంది. 2010 ప్రాంతంలో అక్కడ మూడు మార్పులు చేశారు. పట్టాల కింది స్లీపర్లలో కొన్నింటికి వరసగా పసుపు రంగు వేశారు. రైలు ఆ గీతల్ని మింగుతూ వస్తుంటే కంటికి కొలబద్ద దొరుకుతుంది, వేగం తెలుస్తుంది. రెండోది హారన్. ఒకటే దీర్ఘమైన కూతకు బదులు మధ్యలో విరామంతో రెండు పొట్టి కూతలు. చెవికి ధ్వని కన్నా ధ్వనిలో వచ్చే మార్పే త్వరగా పట్టుబడుతుంది. మూడోది బోర్డు. పాత హెచ్చరిక బోర్డుల బదులు, రైలు కింద పడబోతున్న మనిషి ముఖాన్ని దగ్గరగా చూపించే ఫొటోలు పెట్టారు. అక్షరాలు చదవాలి, భయపడ్డ ముఖాన్ని చదవనక్కర్లేదు.

బ్రాడ్ గేజ్ మీద కాపలా లేని గేట్లు 2019 జనవరి కల్లా తీసేశారు. ఇప్పుడు చనిపోతున్నది ఎక్కువగా గేటే లేని చోట దాటేవాళ్లు. కాబట్టి ఈ రకం పని ఇంకా అవసరం.

రెటీనా
ఇంకోటి కలుపుతాను. డబుల్ లైన్ దగ్గర చాలా వార్తల్లో "ఒక రైలు వెళ్లిపోయాక దాటుతుండగా రెండో లైన్లో వచ్చిన రైలు" అని ఉంటుంది. మొదటి రైలు చప్పుడు రెండోదాని చప్పుడును కప్పేస్తుంది, దాని పెట్టెలు రెండోదాన్ని కంటికి కనపడనివ్వవు. అన్నిటికన్నా ముఖ్యం, "రైలు వస్తుందా" అనే ప్రశ్నకు మెదడుకు జవాబు దొరికేసింది, వెతకడం ఆపేసింది. ఎక్స్‌రే చదివే డాక్టర్లు ఒక మచ్చ దొరకగానే రెండోదాన్ని వదిలేసే పొరపాటూ ఇదే జాతి.

ఓరుగల్లు_లెక్కలు
గొరిల్లా ప్రయోగం గుర్తొచ్చింది. 2013ల 24 మంది రేడియాలజిస్టులకు ఊపిరితిత్తుల సీటీ స్కాన్లు ఇచ్చి గడ్డలు వెతకమన్నరు. స్కాన్ మీద గడ్డకన్నా ఎన్నో రెట్లు పెద్ద గొరిల్లా బొమ్మ పెట్టిన్రు. 20 మందికి కనపడలే. నిపుణులకే అట్లయితే దారినపోయేటోళ్ల మాట చెప్పేదేముంది.

గేరుబాక్సు
యాక్సిలరేటర్ వార్త నేను చెప్తాను. ఇందులో అందరూ తప్పు చదివే ముక్క ఒకటుంది. డ్రైవరు "కంగారులో" యాక్సిలరేటర్ తొక్కాడంటారు. వరస దానికి తిరగబడి ఉంటుంది. తప్పు పెడల్ ముందు, కంగారు తర్వాత.

బండి ఇంకా నిలబడే ఉంది, లేదా పార్కింగ్‌లో మెల్లగా కదులుతోంది. వెనక్కి తిరిగి చూడటంతో నడుము తిరిగి పాదం ఉన్నచోటు కొంచెం మారుతుంది. పాదాన్ని చూసి వేయం, గుర్తు మీద వేస్తాం. గురి రెండు మూడు అంగుళాలు తప్పుతుంది. పాదానికి తెలిసేది "పెడల్ నొక్కాను" అన్నంతవరకే, అది ఏ పెడలో తెలియదు. మెదడు పంపిన ఆజ్ఞ "బ్రేకు" కాబట్టి తను బ్రేకు మీదే ఉన్నానన్న నమ్మకం గట్టిగా ఉంటుంది. బండి ఒక్కసారి ముందుకు ఉరుకుతుంది. బ్రేకు చాల్లేదనుకుని ఇంకా గట్టిగా తొక్కుతాడు. ఆ తొక్కుడుతో వేగం ఇంకా పెరుగుతుంది. కాలు తీయాలన్న ఆలోచనే రాదు, బ్రేకు మీంచి కాలు ఎవరు తీస్తారు? రిచర్డ్ ష్మిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో దీన్ని ఇలాగే విడమర్చాడు.

2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల డ్రైవరు నడిపిన కారు కింద తల్లీకూతుళ్లు చనిపోయారు. నేను బ్రేకే తొక్కాను, కారులోనే లోపం ఉందని ఆయన కోర్టులో చెప్పాడు. కోర్టు యాక్సిలరేటరే తొక్కాడని తేల్చి 2021లో ఐదేళ్ల శిక్ష వేసింది. వార్త చదివినవాళ్లు అబద్ధం చెప్తున్నాడనుకున్నారు. లోపల జరిగే పని తెలిస్తే, మనస్ఫూర్తిగానే అలా నమ్మి ఉండొచ్చని అర్థమవుతుంది. శిక్ష సబబా కాదా అన్నది వేరే సంగతి.

క్లచ్ ఉన్న బండిలో ఎడమ కాలు క్లచ్ తొక్కితే ఇంజను చక్రాలనుంచి విడిపోతుంది, నష్టం అక్కడితో ఆగుతుంది. ఆటోమేటిక్‌లో ఆ రెండో తలుపు లేదు.

పేపరు_పురుగు
మరి చేతిలో ఉన్న నివారణ?

గేరుబాక్సు
మడమ బ్రేకు పెడల్‌కు సూటిగా నేలమీద ఆనించి, యాక్సిలరేటర్‌కు పాదం ముందు భాగాన్ని మాత్రమే తిప్పడం. కాలు మొత్తం ఎత్తి ఒక పెడల్ నుంచి ఇంకోదానికి వేస్తే గురి తప్పే అవకాశం ఎక్కువ. ఆగి ఉన్న బండిని గేరులో వేసే ముందు ప్రతిసారీ బ్రేకును ఒకసారి నొక్కి దాని గట్టిదనం పాదానికి తెలియనివ్వడం. బండి అనుకోకుండా ఉరికితే "ఇంకా గట్టిగా" కాదు, "కాలు పూర్తిగా పైకి". ఈ ఆఖరిది ముందే సాధన చేసి ఉండాలి, ఆ క్షణంలో ఆలోచించుకునే టైముండదు. చెప్పులు జారే రకమైతే పైవేవీ పనిచేయవు.

ఓటీ_దీపం
కడుపులో గుడ్డ వార్తకు వస్తాను. చదివినవాళ్లు మొదట అడిగేది "లెక్కపెట్టుకోరా?" అని. లెక్కపెడతారు. మొదలుపెట్టే ముందు, కడుపు మూసే ముందు, చర్మం కుట్టే ముందు, ఇద్దరు బయటికి వినపడేలా లెక్కిస్తారు. 2003లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, వస్తువులు లోపల మిగిలిపోయిన కేసుల్లో లెక్క జరిగినవాటిని చూస్తే 88 శాతంలో లెక్క సరిపోయిందనే రాసుకున్నారు. అంటే మనిషి లెక్కపెట్టలేదని కాదు, లెక్కే తప్పింది. అత్యవసర ఆపరేషన్లలో ఈ ముప్పు దాదాపు 9 రెట్లు, మధ్యలో ఆపరేషన్ పథకం మారితే 4 రెట్లు.

ఎందుకంటే లెక్క అనేది వర్కింగ్ మెమరీలో, అంటే పని జరిగే కాసేపు బుర్ర పట్టి ఉంచే జ్ఞాపకంలో, వేలాడే ఒక అంకె. "పదకొండు, పన్నెండు" అంటుండగా ఎవరో సక్షన్ (రక్తం పీల్చే గొట్టం) అడిగితే అంకె జారుతుంది. తిరిగి పట్టుకునేటప్పుడు రావాల్సిన అంకె ముందే తెలుసు కాబట్టి చెయ్యి దానివైపే వెళ్తుంది. అందుకే లెక్క మధ్యలో అంతరాయం వస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలన్నది నియమం. రక్తంతో తడిసిన మాప్‌లు (ఆపరేషన్‌లో వాడే గుడ్డలు) ఒకదానికొకటి అతుక్కుంటాయి, కుప్పగా లెక్కించకూడదు, ఒక్కోటీ విడదీసి అరల సంచిలో వేలాడదీయాలి. అర ఖాళీగా ఉంటే అంకె గుర్తులేకపోయినా కంటికి కనపడుతుంది.

మతిమరుపు_మాస్టారు
ఓటీ_దీపం చెప్పిన ఖాళీ అర చాలా మంచి ఉదాహరణ. జ్ఞాపకాన్ని బుర్రలోంచి తీసి గోడకు తగిలించారు. ఏటీఎంలో కార్డు మరిచిపోవడం కూడా దీని చుట్టమే. డబ్బు చేతికొచ్చిందంటే లక్ష్యం తీరింది, ఆ తర్వాత మిగిలిన చిన్న పని మెదడులోంచి రాలిపోతుంది. అందుకే చాలా మెషిన్లలో ముందు కార్డు, తర్వాత డబ్బు బయటికొచ్చేలా మార్చారు. జనానికి బుద్ధి చెప్పలేదు, వరస మార్చారు.

ఓరుగల్లు_లెక్కలు
18 శాతం వార్త నాకు వదిలేయున్రి. ఇది 2015ల ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం చెప్పింది. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతదని. చదివినోళ్లు వందల 18 మందికి వస్తదనుకున్నరు. పాశ్చాత్య దేశాలల్ల జీవితకాలంల వందకు సుమారు ఐదుగురికి వచ్చేది ఆరుగురికి దగ్గరైతది, గదీ సంగతి. మన దగ్గర ఈ క్యాన్సర్ మూల రేటు అక్కడికన్నా బాగా తక్కువ, కాబట్టి పెరిగేది ఇంక చిన్నది.

శాతం చూపి హారం దాచిపెడితే ఏమైతదో 1995ల బ్రిటన్ల తెలిసింది. కొత్తరకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు 100 శాతం పెరుగుతదని హెచ్చరిక వచ్చింది. అసలు లెక్క 7,000 మందిల ఒకరికి బదులు ఇద్దరు. ఆడోళ్లు మాత్రలు ఆపేసిన్రు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లల్ల సుమారు 13,000 అబార్షన్లు అదనం. శాతం కనపడంగనే "ఎంతమందిల ఎంతమందికి?" అని పక్కన రాసుకోన్రి. ఇంటర్ ఫలితాల రోజు ఫుల్ పేజీ ర్యాంకుల ప్రకటనకు గూడ ఇదే ప్రశ్న: పరీక్ష రాసినోళ్లు ఎంతమంది?

గోదారి_గట్టు
ఈ పోస్టు మా ఇంటి గ్రూపులో పెట్టాల్సిందే. అక్కడ రోజుకో శాతం.

మాటలమూట
డిజిటల్ అరెస్ట్ వార్తల్లో "అత్యాశకు పోయి" అని రాయడం చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఆశ ఎక్కడుంది ఇందులో? పూర్తిగా భయం. "ఉన్నత చదువులు చదివి కూడా" అని ఇంకో మాట. చదువుకీ దీనికీ సంబంధం ఏమిటో చూడండి.

స్టాన్లీ మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగం చాలామందికి తెలుసు. బూడిదరంగు కోటు వేసుకున్న ప్రయోగకర్త చెప్పాడని, పక్క గదిలోని మనిషికి కరెంటు షాకు ఇస్తున్నామని నమ్మి, 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట దాకా నొక్కారు (షాకు నిజం కాదు). అసలు విలువైనవి దాని రూపాంతరాలు. ఆజ్ఞ ఇచ్చేవాడు గదిలోంచి వెళ్లిపోయి ఫోనులో చెప్తే చివరిదాకా వెళ్లినవాళ్లు ఐదోవంతుకు దగ్గరగా పడిపోయారు. పక్కన ఇద్దరు తోటివాళ్లు "మేం చేయం" అని లేచిపోతే 40లో నలుగురే మిగిలారు.

ఇప్పుడు మోసగాడి వరస చూడండి. మొదట మామూలు కాల్: మీ పేరు మీద పార్శిల్, అందులో డ్రగ్స్. వెంటనే వీడియోకు మారతాడు, వెనక పోలీస్ స్టేషన్‌లాంటి గది, ఒంటిమీద యూనిఫాం. ఉత్త ఫోనులో అధికారం పలచబడుతుంది కాబట్టే వీడియో. తర్వాత "ఇది రహస్య విచారణ, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు, కాల్ కట్ చేయకూడదు". "మేం చేయం" అనే ఆ ఇద్దరూ గదిలోకి రాకుండా తలుపేశాడన్నమాట. ఆధార్ చూపించు, తలుపు వేసుకో, కెమెరా తిప్పు అంటూ ముందు చిన్న చిన్న ఆజ్ఞలు. పదింటికి లోబడ్డాక పదకొండోది "ధ్రువీకరణ కోసం డబ్బు బదిలీ". గంటల తరబడి నిద్రలేక, భయంతో ఉన్న బుర్రలో రెండు విషయాలు పక్కపక్కన పెట్టి పోల్చే చోటు మిగలదు. డిగ్రీ ఉన్నా ఆ చోటు ఉండదు.

సిగ్నల్_దీపం
మాటలమూట గారి వరసను బట్టి చూస్తే తెగాల్సిన తీగ మొదటి పది నిమిషాల్లోనే ఉంది. కాల్ కట్ చేసి ఇంకో మనిషితో మాట్లాడితే మోసం అక్కడితో కూలిపోతుంది. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. బ్యాంకు కౌంటర్లో "ఎవరికి పంపుతున్నారు?" అని అడిగితే నేర్పించిన జవాబే వస్తుంది. "ఎవరికీ చెప్పొద్దని ఎవరైనా అన్నారా?" అని అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు నేర్పి ఉండరు.

గోదారి_గట్టు
అడ్డం వస్తున్నందుకు ఏమనుకోకండి. మనం వార్త నుంచి సూత్రం తీస్తున్నాం. వార్తే తప్పయితే?

మాటలమూట
అలా జరిగింది కూడా. 1964 మార్చిలో న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ అనే యువతి హత్య. 38 మంది చూస్తూ ఉండిపోయారని న్యూయార్క్ టైమ్స్ రాసింది. దానిమీద బైస్టాండర్ ఎఫెక్ట్ (చుట్టూ జనం ఉంటే ఒక్కొక్కరూ సాయానికి ముందుకు రావడం తగ్గుతుందనే సూత్రం) పరిశోధన అంతా పుట్టింది. నిజానికి దాడి మొత్తం చూసినవాళ్లు అంతమంది లేరు, కొందరు విన్నారు, పోలీసులకు ఫోన్ చేసినట్టూ తేలింది. ఆ కథనంలో లోపాలున్నాయని 2016లో ఆ పత్రికే ఒప్పుకుంది. ప్రయోగశాలలో తేలిన ఫలితం దానంతట అది నిలబడే ఉంది, కానీ వీధి సంగతి వేరు. ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ సీసీ కెమెరాల్లో 219 గొడవలు చూస్తే, పదింట తొమ్మిదింటిలో కనీసం ఒకరైనా అడ్డుపడ్డారు. "వీడియోలు తీస్తూ చోద్యం చూశారు" అనే వార్త చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. అడ్డుపడి ఆపిన గొడవ వార్త కాదు, పేపర్లోకి రాదు.

ప్రత్యక్ష సాక్షుల మాటకూ ఇదే జాగ్రత్త. లోఫ్టస్, పామర్ అనే పరిశోధకులు 1974లో అందరికీ అవే ప్రమాదాల ఫిల్ములు చూపించి ప్రశ్నలో క్రియ మార్చారు. తగిలినప్పుడు ఎంత వేగం అంటే సగటున గంటకు 31.8 మైళ్లు అన్నారు, నుజ్జుచేసినప్పుడు అంటే 40.8. ఇంకో ప్రయోగంలో, ఫిల్ము చూసిన వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అంటే "నుజ్జు" గుంపులో 50కి 16 మంది చూశామన్నారు, "గుద్దిన" గుంపులో 7. ఫిల్ములో అద్దమే పగల్లేదు. మన పేపర్లో "బలంగా ఢీకొట్టింది", "నుజ్జునుజ్జయింది" ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టండి. "తొక్కిసలాట" మాటా అంతే. జనం తొక్కుకుంటూ పరిగెత్తారనే బొమ్మ కడుతుంది. చాలా ఘటనల్లో మనుషులు నిలబడ్డచోటే ఛాతీ ఒత్తుకుని ఊపిరాడక పోతారు. వెనకున్నవాళ్లకు ముందు ఏం జరుగుతోందో తెలియదు.

రెటీనా
పేపరు_పురుగు మొదట అడిగినదానికి సూటిగా చెప్తే, కారణం చెప్పే మాటను పెన్సిలుతో కొట్టేయండి. మిగిలిన వార్తను సెకన్ల వరసలో మళ్లీ రాయండి: అప్పుడు ఆ మనిషికి కనపడింది, వినపడింది, అప్పటికి తెలిసింది మాత్రమే. తర్వాత తెలిసిందేదీ కలపొద్దు, ఇది కష్టం, ముగింపు తెలిసిన కథ అంతా ముందే తెలిసిపోయేదన్నట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత, తప్పు చేస్తున్నట్టు అతనికి తెలుసా అని అడగండి. అదే శిక్షణ ఉన్న ఇంకొకర్ని అదే చోట నిలబెడితే ఏం చేసేవారో అడగండి. చివరికి సూత్రం పేరు. ఆ పేరు తీసేసినా మీ వివరణ నిలబడకపోతే పేరు మాత్రమే రాశారని అర్థం.

పేపరు_పురుగు
ప్రయత్నిస్తాను. వార్త: "కారులో ఊపిరాడక చిన్నారుల మృతి, తల్లిదండ్రుల నిర్లక్ష్యం". మాట కొట్టేశాను. చేయాల్సిన పనిని సమయానికి గుర్తుచేసుకునే జ్ఞాపకం విఫలమైంది. రోజూ వెళ్లే దారిలో అలవాటు నడిపించేసి, వెనక సీట్లో పిల్ల ఉన్న సంగతి మరుగునపడింది. సరేనా?

మతిమరుపు_మాస్టారు
వివరణ సరైనదే, కానీ అది ఇంకో వార్తది. అమెరికాలో ఎక్కువగా వచ్చేది మీరు చెప్పిన రకం, పిల్ల వెనక సీట్లో నిద్రపోతుంది, తండ్రి నేరుగా ఆఫీసుకు పోతాడు. అక్కడ ఆఫీసు బ్యాగు, ఎడమ కాలి చెప్పు పిల్ల పక్కన పెట్టమంటారు, దిగి ఒంటికాలితో నడవలేరు కాబట్టి. మీ వార్త ఇంకోసారి చదవండి. "ఆడుకుంటూ కారెక్కి", "డోర్లు లాక్ కావడంతో" అని ఉంటుంది. అక్కడ ఎవరూ ఏదీ మరిచిపోలేదు. పిల్లలు కనపడకపోతే వెతికే మనిషి వీధి, బావి, చెరువు వెతుకుతాడు, వాకిట్లో ఆగి ఉన్న బండి వెతికే జాబితాలోనే ఉండదు. ఎండలో మూసిన కారు లోపలి వేడి మొదటి పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా పెరుగుతుంది, అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. కాబట్టి తాళం ఎప్పుడూ వేసి ఉంచాలి, కీ పిల్లల చేతికందని మేకుకు. పిల్లలు కనపడకపోతే మొదట చూడాల్సింది బావి, నీళ్ల తొట్టె, ఆగి ఉన్న కార్లు, వాటి డిక్కీలు. వీధి ఆ తర్వాత.